కూర్మనాథం తొలి దొప్ప

కూర్మనాథం తన జన్మలో ఎక్కువసార్లు పలికిన మాట రామనామం కాదు. "తోసుకోకండి" అన్న మాట. మా ఊరి కోదండరామాలయంలో ప్రసాదం పంచడం వాళ్ళింటి పని. తాత పంచాడు, తండ్రి పంచాడు, ఆ తర్వాత ఇతను. పొద్దున్న నైవేద్యం అయ్యాక ఇత్తడి గంగాళం మండపంలోకి వచ్చేది. కూర్మనాథం అడ్డాకు దొప్పలు పక్కన పేర్చుకుని గరిటె పట్టుకునేవాడు. అప్పటిదాకా కళ్ళు మూసుకుని చేతులు జోడించిన భక్తులు ఒక్కసారిగా కళ్ళు తెరిచి మోచేతులు బయటికి తీసేవాళ్ళు. చీపురుపల్లి స్టేషన్లో ప్యాసింజరు బండి ఎక్కేటప్పుడు కూడా మావాళ్ళు అంతగా తోసుకోరు. బండిలో పులిహోర పెట్టరు కదా.

ఆ తోపులాట మొదలవడానికి ముందు ఒక ఘట్టం ఉంది. దాని పేరు తొలి దొప్ప. ఆ రోజు మొట్టమొదటి దొప్ప ఎవరి చేతిలో పడుతుందో వాళ్ళు ఊరికి పెద్ద. గుడి మండపం కట్టించింది నూనె షావుకారు అప్పలసూరి వాళ్ళ తాతగారు. నేలంతా రాయి పరిపించింది బట్టల షావుకారు ఆనంద్‌కుమార్ తండ్రి. ఒకరిది పైకప్పు, ఒకరిది నేల. మధ్యలో దేవుడు. పైకప్పు గొప్పా నేల గొప్పా అని చాలాకాలం వాదించుకుని, చివరికి గుడి కమిటీ ఒక ఒప్పందం చేసింది. చైత్రం అప్పలసూరిది, వైశాఖం ఆనంద్‌కుమార్‌ది, జ్యేష్ఠం మళ్ళీ అప్పలసూరిది, అలా నెల విడిచి నెల. అందరూ సంతోషించారు. తెలుగు సంవత్సరంలో అప్పుడప్పుడూ పదమూడో నెల కూడా వస్తుందన్న సంగతి పంచాంగం చూసి ముహూర్తాలు పెట్టుకునే ఆ కమిటీలో ఒక్కడికీ గుర్తు రాలేదు.

అధిక శ్రావణం వచ్చింది. వరస ప్రకారం అది అప్పలసూరిది. ఆయన తీసుకున్నాడు. అది అయిపోయి నిజ శ్రావణం వచ్చింది. "శ్రావణం ఎప్పుడూ మాదే" అన్నాడు అప్పలసూరి. "మొన్న తిన్నది శ్రావణం కాదేటి? నెల విడిసి నెల. ఇది నాది" అన్నాడు ఆనంద్‌కుమార్. ఆనంద్‌కుమార్ కమిటీ అధ్యక్షుడు. అప్పలసూరి వయసులో పెద్ద. కూర్మనాథాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, కాని గరిటె మాత్రం అతని చేతిలోనే ఉంది.

పాడ్యమి నాడు ఇద్దరూ వచ్చి మండపంలో నిలబడ్డారు. కూర్మనాథం రాత్రంతా ఆలోచించి పన్నిన ఉపాయం ప్రకారం రెండు దొప్పలు నింపాడు. రెండు చేతుల్లో రెండు పట్టుకుని, ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కాకుండా, ఇద్దరి ముందుకీ ఒకేసారి చాపాడు. ప్రపంచంలో సమానత్వం అన్నది సరిగ్గా అమలైన ఒకటి రెండు సందర్భాల్లో అది ఒకటని నా నమ్మకం. కాని మనిషికి ఉన్న రెండు చేతుల్లో ఒకటి ఎడమ చెయ్యి. అది ఆనంద్‌కుమార్ ముందు ఉంది.

"నాకు ఎడం సేత్తో ఎడతావురా ప్రసాదం?" అన్నాడు ఆనంద్‌కుమార్, మెల్లగా. మెల్లగా అన్నాడు కాబట్టే అందరికీ వినిపించింది.

ఆ సాయంత్రానికి కూర్మనాథం గుళ్ళో లేడు. పక్షపాతం చూపించాడని కమిటీ తీర్మానం చేసింది.

అతనికి వేరే పని చేతకాక కాదు. వంట వచ్చు, పెళ్ళిళ్ళకి పిలుస్తారు, పూట గడిచిపోతుంది. కాని తెల్లవారుజామున గుడి గంట మోగగానే లేచి స్నానం చేసి పంచె కట్టుకునేవాడు. కట్టుకున్నాక వెళ్ళడానికి చోటు లేదని గుర్తొచ్చేది. ఎదురుగా ఉన్న సైకిల్ షాపు ముందు నిలబడి గుడి వైపు చూసేవాడు. అతని బదులు పెట్టుకున్న కుర్రాడికి దొప్ప పట్టుకోవడం రాదు. గరిటె దించినప్పుడల్లా నాలుగు మెతుకులు నేలమీద పడేవి. అవి పడినప్పుడల్లా ఇక్కడ కూర్మనాథం "అయ్యో" అని నోరు మూసుకునేవాడు. సైకిళ్ళ వాడు పంక్చర్ వేస్తూ ఆ అయ్యోలు కొన్నాళ్ళు లెక్కపెట్టి మానేశాడు.

అలా ఉండగా వేసవి వచ్చింది, జగదీశ్వరి టీచర్ సమ్మర్ క్యాంపు పెట్టింది.

జగదీశ్వరి టీచర్ విజయనగరంలో సంగీతం నేర్చుకుని, నెల్లిమర్లలో చాలాకాలం పాఠాలు చెప్పి, రిటైరై మా ఊరొచ్చింది. సంగీతం పోటీలకి జడ్జీగా వెళ్ళి వెళ్ళి, రెండో బహుమతి వచ్చిన పిల్లల ఏడుపులు విని విని ఆవిడకి పోటీ అన్న మాట మీదే విరక్తి పుట్టింది. మూతబడ్డ బియ్యం మిల్లు షెడ్డు అడిగి తీసుకుని 'అందరం' అని బోర్డు కట్టింది. మొదటివాళ్ళు లేరు, చివరివాళ్ళు లేరు, బహుమతులు లేవు. అందరూ కలిసి ఆడాలి, కలిసి పాడాలి, కలిసి తినాలి. పిల్లలకి కథలు చెప్పడానికి నన్ను రమ్మంది. నేను అప్పటికి ఎన్నో ఏళ్ళుగా పోటీ పరీక్షలు రాస్తున్నాను. పోటీ లేని చోటు ఒకటి ఉందంటే చూద్దామని వెళ్ళాను. వంటకీ వడ్డనకీ కూర్మనాథం వచ్చాడు.

అక్కడి ఆటలు నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. పరుగు పందెంలో అందరూ ఒకే తాడు పట్టుకుని ఒకేసారి గీత దాటాలి. కాయగూరలమ్మే బుల్లమ్మ కొడుకు లక్ష్ముడు మధ్యలో మేకని చూసి ఆగిపోతే మొత్తం పందెం ఆగి మేకని చూసేది. కుర్చీలాటలో ఒక్కో కుర్చీ తీసేస్తుంటే పిల్లలెవరూ అవుట్ కారు, మిగిలిన కుర్చీల మీదే అందరూ సర్దుకోవాలి. చివరి కుర్చీ మీద క్యాంపంతా ఎక్కింది. కుర్చీ ఒక్కటే అవుటైంది. చదరంగంలో రాజులిద్దరూ మధ్యకొచ్చి మాట్లాడుకుని ఎవరి గడికి వాళ్ళు వెళ్ళిపోతే ఆట పూర్తయినట్టు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లులు గేటు దగ్గర చెప్పుకునేవాళ్ళు: "మా ఓడు అసలు పోటీయే పడ్డు. టీచరమ్మ సెప్పినాది, మా ఓడంత పోటీ పడనోడు క్యాంపులోనే లేడంట."

మొదటి రోజు భోజనాల దగ్గరే చిక్కు వచ్చింది. వరసలో నిలబెడితే ముందు ఒకడు, వెనక ఒకడు ఉంటాడు. అందుకని టీచర్ పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. కూర్మనాథం పులిహోర బేసిన్ పట్టుకుని మధ్యలో నిలబడ్డాడు. నిలబడి అలాగే ఉండిపోయాడు.

"వడ్డించండి కూర్మనాథం గారూ."

"ఎవలకమ్మా ముందు?"

"ఎవరికైనా ఒకటే కదండీ."

"ఒకటే అయితే మరి ఎవలకమ్మా?"

టీచర్ ఆలోచించింది. "తూర్పు నుంచి మొదలుపెట్టండి."

"తూర్పున పంచాయితీ పెసిడెంటు గారి మనవడున్నాడమ్మా. ఆడున్నాడని తూర్పన్నామంటారు."

"అయితే కళ్ళు మూసుకుని తిరగండి. ఎక్కడ ఆగితే అక్కడ."

కూర్మనాథం బేసిన్‌తో సహా గిరగిరా తిరిగాడు. కళ్ళు తిరిగి ఎవరి ముందు ఆగాడో వాళ్ళ ఒడిలోనే కూర్చుండిపోయాడు. ఆ పిల్ల పేరు చరిత, బట్టల షావుకారు ఆనంద్‌కుమార్ కూతురు. ఆమె ఒడి నిండా పులిహోర పడ్డా ఏడవలేదు. లేచి దులుపుకుని, "నాకొద్దు తాతా. ముందు పక్కోలికెట్టు" అంది.

టీచర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారా! చప్పట్లు కొట్టండి అందరూ."

చప్పట్లు కొట్టారు. క్యాంపు అక్కడితో చెడిపోయిందని నా అభిప్రాయం. ముందు వద్దన్న వాళ్ళకి చప్పట్లు వస్తాయని ఒక్క పూటలో పిల్లలందరికీ తెలిసిపోయింది. మర్నాడు కూర్మనాథం ఎవరి ముందుకి వెళ్ళినా "నాకొద్దు, ఆడికెట్టు" అనడమే. ఆ పక్కవాడు "నాకూ వొద్దు, దానికెట్టు" అంటాడు. చివర తినేవాడే హీరో. లక్ష్ముడికి ఆకలి ఆగదు, వాడొక్కడే మొదట తీసుకునేవాడు. "ఒరే ఫస్టుగా! తిండిపోతా!" అని మిగతావాళ్ళు వాణ్ణి ఏడిపించేవాళ్ళు. పాపం వాడు కూడా నాలుగో రోజుకి నేర్చుకుని, కడుపు పట్టుకుని "నాకొద్దు" అనేవాడు. మధ్యాహ్నం భోజనం దీపాల వేళ దాకా సాగేది.

జీవితమంతా "ఎనక్కెళ్ళండి" అని అరిచిన మనిషి ఇప్పుడు బేసిన్ పట్టుకుని బతిమాలుతున్నాడు. "ముందుకు రాండి బాబూ. ఒక్కలు తీసుకోండి. నా నాయనే, ఒక్క దొప్ప." ఎవరూ రారు. ఒకరోజు నాతో అన్నాడు: "గుళ్ళో జనం నా సెయ్యి ఇరిసీసేవోలు బాబూ. అదే నయం. ఇక్కడ నన్ను సూసి ఎనక్కి జరిగిపోతన్నారు. సచ్చినోడి దగ్గిర్నుంచి జరిగినట్టు."

క్యాంపు ముగింపు దగ్గర పడింది. ఆఖరి రోజుకి బియ్యం ఇచ్చిన ఆనంద్‌కుమార్‌నీ, నూనె ఇచ్చిన అప్పలసూరినీ టీచర్ పిలిచింది. ఆ ముందు రోజు ఆనంద్‌కుమార్ కొట్టు నుంచి కూర్మనాథానికి కబురొచ్చింది. కబురు చాలా సూటిగా ఉంది. రేపు నలుగురి ఎదుట తొలి దొప్ప కుడి చేత్తో నాకు పెట్టు. ఎడమ చేతి అవమానం కడిగేసుకున్నట్టు అవుతుంది. ఎల్లుండి నుంచి గుళ్ళోకి వచ్చెయ్.

కూర్మనాథం భార్య ఈశ్వరి ఆ కబురు విని దేవుడి పటానికి దణ్ణం పెట్టింది. మర్నాడు మొగుడితో పాటు క్యాంపుకి తనూ వచ్చింది, సాయానికని పేరు. పొయ్యి దగ్గర అతనికి చెప్పడం నేను విన్నాను.

"ఏటండీ, కుడి సెయ్యి ఏదో తెలుసు కదా?"

"ఎటకారమా?"

"ఎటకారం కాదు. ఆ సెయ్యితోటి దొప్ప తీసుకెళ్ళి ఆనందబాబు సేతిలో ఎట్టీండి. అటూ ఇటూ సూడకండి. ఉపాయాలు పన్నకండి. మీరు ఉపాయం పన్నినప్పుడల్లా మనకి ఏదో ఒకటి పోతన్నాది."

"పన్నను."

"ఒట్టు?"

"ఒట్టే. గుళ్ళోకి ఎళ్ళిపోవాలే నాను. ఇంకేటీ వద్దు నాకు."

అంత ఖచ్చితంగా అతను ఏదీ కోరుకోగా నేను చూడలేదు. ఆ మాట అన్నప్పుడు అతని కుడి చెయ్యి గాలిలోనే దొప్ప పట్టుకున్నట్టు వంగింది.

షెడ్డులో తాటాకు చాపలు గుండ్రంగా పరిచారు. పిల్లలు, తల్లిదండ్రులు కూర్చున్నారు. ఆనంద్‌కుమార్ తెల్ల చొక్కాలో వచ్చి కూర్చున్నాడు. ఎదురు చాప మీద అప్పలసూరి కూర్చున్నాడు. కబురు సంగతి ఆయన చెవిన కూడా పడిందని ఆయన కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. తల్లులు ఫోన్లు తీసి వీడియో తియ్యడానికి సిద్ధంగా ఉన్నారు.

జగదీశ్వరి టీచర్ లేచి మాట్లాడింది. అక్కడే కథ అడ్డం తిరిగింది. "మా పిల్లలు ఏం నేర్చుకున్నారో మీరే చూస్తారు. మొదట నాకు కావాలి అనేవాడు చిన్నవాడు. ముందు పక్కవాళ్ళకి పెట్టండి అనేవాడు పెద్దవాడు. మా క్యాంపులో పెద్దరికం అంటే అదే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. షావుకార్లిద్దరూ కొట్టలేదు. ఇద్దరూ ఆలోచిస్తున్నారు.

కూర్మనాథం కుడి చేత్తో దొప్ప పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా, తిన్నగా ఆనంద్‌కుమార్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఈశ్వరి స్తంభం పక్క నుంచి తొంగి చూసింది.

ఆనంద్‌కుమార్ దొప్పని చూశాడు. ఫోన్లని చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందు పెద్దాయనకి ఎట్టు" అన్నాడు.

కూర్మనాథానికి అర్థం కాలేదు. "బాబూ, కుడి సెయ్యే" అన్నాడు.

"కనబడతన్నాది. పెద్దాయనకెట్టు."

కూర్మనాథం ఆ చెయ్యి అలాగే పట్టుకుని అప్పలసూరి దగ్గరికి నడిచాడు. అప్పలసూరి రెండు అరచేతులూ అడ్డం పెట్టాడు. "అబ్బెబ్బే! నాకెందుకురా కూర్మం? బియ్యం ఇచ్చిన మారాజు ఆయన. ఆయనకే ఎట్టు."

"బియ్యమేటి, నూనె లేకపోతే పులిహోర ఎలాగవుతాది?" అన్నాడు ఆనంద్‌కుమార్ ఇవతలి నుంచి. "మీ తరవాతే మేము."

"సిన్నోడివి, నువ్వు ముందు తిను ఆనందబాబూ. మేము ముసిలోళ్ళం, మాకు ఆకలేటి?"

"ముసిలోళ్ళు కాబట్టే ముందు తినాల."

"ఎవల్రా ముసిలోడు?"

కూర్మనాథం ఇటూ అటూ తిరుగుతున్నాడు. తండ్రుల నాటి నుంచి తొలి దొప్ప కోసం కొట్టుకున్న ఇళ్ళు. ఇప్పుడు దాన్ని పాముని చూసినట్టు చూస్తున్నారు. పిల్లలకి ఇది బాగా తెలిసిన ఆట. వాళ్ళు పెద్దవాళ్ళ ఆట తీరు శ్రద్ధగా గమనించారు. "నాన్నా, బాగా సేత్తన్నావు. తల అడ్డంగా కూడా ఊపు" అని చరిత తండ్రికి నేర్పింది. ఎవరో పిల్లాడు అప్పలసూరి పక్షం చేరి "తాతా, కడుపు పట్టుకో, ఆకల్లేనట్టు" అన్నాడు. ఆయన పట్టుకున్నాడు.

రేకుల కప్పు కాలిపోతోంది. ఫోన్లలో ఛార్జింగు అయిపోయి తల్లులు ఒక్కొక్కరే చేతులు దించారు. పులిహోర మీద ఈగలు వాలాయి. లక్ష్ముడు ఆకలికి చాప అంచు కొరుకుతున్నాడు. కూర్మనాథం కుడి చెయ్యి చాపి చాపి లాగేస్తోంది. మార్చుకోవాలంటే ఎడమ చెయ్యి ఉంది, కాని దాన్ని అతను వీపు వెనక దాచుకున్నాడు. అతను ఒకసారి ఆనంద్‌కుమార్ వంక, ఒకసారి అప్పలసూరి వంక, చివరికి ఈశ్వరి వంక చూశాడు. ఏం చెయ్యాలో ఆవిడకీ తెలియదు.

అప్పుడు కూర్మనాథం గుండ్రం మధ్యలో, బేసిన్ పక్కన, కింద కూర్చున్నాడు. మఠం వేసుకుని, దొప్పలో చెయ్యి పెట్టి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకున్నాడు.

అతను నమలడం అందరికీ వినిపించింది. గుళ్ళో వండినదాన్ని దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు. పెట్టాక అది ప్రసాదం, దాని రుచి గురించి మాట్లాడకూడదు. అంచేత అన్నాళ్ళు అన్నం మధ్య బతికిన ఆ మనిషి తిండి గురించి ఒక్క మాట అనగా ఎవరూ వినలేదు. మింగాడు.

"ఉప్పు సాల్లేదు" అన్నాడు.

లక్ష్ముడు ఎగిరి గంతేశాడు. "కూర్మం తాత ఫస్టు!"

ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. నెలంతా లోపల కుక్కుకున్నదంతా ఆ ఒక్క మాటతో బయటపడింది. "తాత ఫస్టు! తాత ఫస్టు!" అని పిల్లలు చాపల మీద ఎగిరారు. "సెకండు నానే!" అని లక్ష్ముడు బేసిన్ మీదకి దూకాడు. "థర్డు! థర్డు నాది!" అని చరిత వాణ్ణి జుట్టు పట్టి లాగింది. మోచేతులు బయటికొచ్చాయి. జగదీశ్వరి టీచర్ "అందరం! అందరం!" అని అరుస్తూనే ఉంది. పిల్లలు అది పాట అనుకుని దాని తాళానికే తోసుకున్నారు. ఈశ్వరి ఉప్పు డబ్బా తెచ్చి మొగుడి పక్కన పెట్టి, నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

షావుకార్లిద్దరూ ఒకేసారి లేచి, ఒకే గేటు నుంచి బయటికి నడిచారు. ఆనంద్‌కుమార్ కొట్టు అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళిద్దరూ కలిసి కూర్చోగా ఊళ్ళో ఎవరూ చూడలేదు కాబట్టి దారినపోయేవాళ్ళూ, వెనకే వచ్చిన నేనూ ఆగి విన్నాం.

"నాకు ఎట్టకుండా తినీసినాడు" అన్నాడు అప్పలసూరి.

"నాకు మాత్రం ఎట్టినాడేటి?"

"నీకూ ఎట్టలేదు. నాను సూసినాను కదా."

"మీకు ఎంత అవమానమో నాకూ అంతే."

"అంతే అంటావా? ఎక్కువ తక్కువా లేదంటావా?"

"అస్సలు లేదు. ఇద్దరికీ సమంగా సేసినాడు."

అప్పలసూరి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "అయితే ఆడికి పచ్చపాతం లేదు" అన్నాడు.

ఆనంద్‌కుమార్ ఆలోచించాడు. కమిటీ తీసేసింది పక్షపాతానికే కదా. లేనప్పుడు తీసెయ్యడం చెల్లదు. మొగమాటం లేకుండా ఇద్దర్నీ ఒకేలా అవమానించగల మనిషి ఊళ్ళో మరొకడు దొరకడు. ఆ వారంలోనే కూర్మనాథాన్ని గుళ్ళోకి పిలిచారు. తొలి దొప్ప అతనే తినాలని షరతు పెట్టారు. అలాగైతే అప్పలసూరి కంటే ఆనంద్‌కుమార్ ముందు కాడు, ఆనంద్‌కుమార్ కంటే అప్పలసూరీ కాడు. పదమూడు కాదు, పధ్నాలుగు నెలలు వచ్చినా ఒప్పందానికి ఢోకా లేదు.

జగదీశ్వరి టీచర్ రెండు రోజుల తర్వాత గుడికి వెళ్ళి కూర్మనాథాన్ని చూసి వచ్చి, "వచ్చే ఏడు భోజనాలు ఇంటి దగ్గరే చేసి రమ్మందాం" అని మాత్రం అంది.

ఇప్పుడు మా ఊరి గుళ్ళో అదే ఆచారం. దీపావళి కూడా రాకముందే, ఇది మా తాతల నాటి నుంచి వస్తున్నదని చెప్పేవాళ్ళు పుట్టారు. గజపతినగరం నుంచి ఎవరో వచ్చి, ఏ శాస్త్రంలో ఉందని అడిగితే, మా పురోహితుడు ఒక శ్లోకం కూడా చదివాడు. నేను దొరికిన పుస్తకాలన్నీ వెతికాను. అలాంటి శ్లోకం లేదు. ఆ మాట అంటే నన్నే గుడి మెట్ల మీద నుంచి దింపేశారు.

కూర్మనాథం ఒళ్ళు చేశాడు. చక్కెర పొంగలి రోజుల్లో డాక్టరు వద్దన్నా తప్పదు. తినకపోతే జనానికి ప్రసాదం లేదు. ఒకరోజు అడిగాను, "కోరుకున్నది దొరికింది కదా, బావుందా?" అని. "గుళ్ళోనే ఉన్నాను కదా బాబూ" అన్నాడు, గరిటె తుడుచుకుంటూ. "కాకపోతే దేవుడి ముందు నిలబడి రోజూ నానొక్కణ్నే నవుల్తాను. అందరూ నా నోరే సూస్తారు. దేవుణ్ని సూసీవోలు తగ్గిపోనారు."

ఆ మాట నిజమే. పొద్దున్న గంగాళం బయటికి రాగానే షావుకార్లిద్దరూ వచ్చి అతనికి చెరో పక్కన నిలబడతారు. అతను ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. జనం అంతా కదలకుండా చూస్తారు.

"మింగీసినావా?" అంటాడు ఆనంద్‌కుమార్.

కూర్మనాథం నోరు తెరిచి నాలుక బయటపెడతాడు. అప్పలసూరికి చూపు ఆనదు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దగ్గరికి వంగి, లోపలికంటా చూస్తాడు.

"ఇంకొంచెం తెరు" అంటాడు.